తిండికి పేచీ పెట్టే కుక్కతో 21 రోజులు

మా జిమ్మీ ఇండియన్ స్పిట్జ్, మన ఊళ్ళలో అందరూ పొమెరేనియన్ అని పిలిచే తెల్ల బొచ్చు కుక్క. మగది, నాలుగేళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. గిన్నెలో డ్రై ఫుడ్ పోస్తే వాసన చూసి వెనక్కి తిరిగేది. అవే గింజలు చేత్తో పెట్టి బతిమాలితే రెండు నమిలి మూడోది కింద వదిలేసేది. పెరుగన్నంలో చికెన్ కలిపితే ముక్కలు ఏరుకుని అన్నం మిగిల్చేది. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు పాపం" అన్న మాట ఇంట్లో రోజూ వినపడేది. ఇది సర్దుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఏ పూట ఎంత పెట్టామో, ఎంత మిగిలిందో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాం. ఆ లెక్కలే ఇక్కడ ఇస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. కుక్క పేచీ పెడుతోందా, లేక దానికి ఆకలే లేదా? ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క 10 గ్రాములు చూపించండి. ఎగిరి అందుకుంటే ఆకలి ఉన్నట్టే. దాన్ని కూడా వద్దంటే అది పేచీ కాదు, జబ్బేమో అని అనుమానించాలి. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఇంకో రకం కూడా ఉంది. గిన్నె దగ్గరికి ఆశగా వస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది, వదిలేస్తుంది, లేదా ఒక పక్కనే నములుతుంది. అలాంటప్పుడు పళ్ళు చూడాలి. పెదవి పైకెత్తి, పై దవడలో వెనకవైపు ఉండే పెద్ద పన్ను మీద గోధుమరంగు గార ఉందా, చిగురు అంచు ఎర్రగా వాచిందా గమనించండి. చిన్న జాతి కుక్కల్లో ఇది చాలా మామూలు. అనుమానం ఉంటే అవే గింజల్ని గోరువెచ్చటి నీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టి పెట్టండి. గట్టివి వద్దని మెత్తవి తింటే నొప్పి పంట్లో ఉండే అవకాశం ఎక్కువ. పదే పదే పెదవులు నాక్కోవడం, గుటకలు మింగడం, చొంగ కార్చడం, గడ్డి తినడం కడుపులో తిప్పుతోందని చెప్పే గుర్తులు.

మన ప్రాంతంలో ఆకలి చచ్చిన కుక్క అనగానే పిడుదుల జ్వరాన్ని ముందు అనుమానించాలి. కోస్తాలో వీటినే గోమార్లు అంటాం. చెవి మడతల్లో, కాలి వేళ్ళ సందుల్లో, కాలర్ కింద వెతకండి. ఒక్కటి కూడా కనపడకపోయినా జ్వరం ఉండొచ్చు, కుట్టింది ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. డిజిటల్ థర్మామీటర్ కొసకి కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్న కుక్కకి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. మనకి జ్వరం అనిపించే అంకె దానికి మామూలే. 103 దాటితే రక్తపరీక్ష చేయించాలి. పిడుదుల వల్ల వచ్చే జబ్బుల్లో ఎర్లీకియా అనేదానిలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, బబీసియా అనేదానిలో ఎర్రకణాలు పగిలి చిగుళ్ళు తెల్లబడతాయి. గన్నవరం, రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ కాలేజీలకి దగ్గర్లో ఉన్నవాళ్ళు అక్కడి ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. జిమ్మీకి రక్తపరీక్ష బాగానే వచ్చింది. పళ్ళు శుభ్రంగా ఉన్నాయి. నట్టల మందు వేసి నాలుగు నెలలు దాటిందని మళ్ళీ వేయించాం. చికెన్ పరీక్షలో ముక్కతోపాటు వేలు కూడా అందుకుంది.

అంటే పేచీయే. ఇక్కడ చాలామంది చేసేది బ్రాండు మార్చడం. ఒక పేకెట్టు వద్దంటే ఇంకోటి, అదీ వద్దంటే డబ్బా ఫుడ్డు, తర్వాత రోస్ట్ చికెన్. మేమూ మూడు బ్రాండ్లు మార్చాం. మార్చిన ప్రతిసారీ మూడు రోజులు ఇష్టంగా తినడం, నాలుగోరోజు మళ్ళీ మొదటికే. వద్దంటే ఇంతకంటే మంచిది వస్తుందన్న సంగతి కుక్కకి మనమే నేర్పుతున్నాం. పైగా ఒక్కసారిగా మార్చడం వల్ల విరేచనాలు. ఏ ఫుడ్డు మార్చినా 7 నుంచి 10 రోజులు పట్టాలి. మొదటి రెండు మూడు రోజులు నాలుగింట ఒక వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు, ఆపైన మొత్తం.

కాబట్టి మొదటి నాలుగు రోజులు ఏమీ మార్చలేదు. దాని నోట్లోకి వెళ్ళే ప్రతిదీ వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి రాశాం, అంతే. ఎవరు పెట్టినా సరే. ఈ పుస్తకం ఫ్రిజ్ మీద ఉంచాలి, పెన్ను దారంతో కట్టి ఉంచాలి, లేకపోతే ఎవరూ రాయరు. ఒక రోజు లెక్క ఇలా తేలింది:

పొద్దున్న అత్తయ్య కాఫీ వేళ పాలు 100 మి.లీ., అంటే 65 కేలరీలు. రోజు మొత్తం మీద గ్లూకోజ్ బిస్కెట్లు ఆరు, సుమారు 140. టిఫిన్ దగ్గర ఇడ్లీ ఒకటి, 60. ఉడికించిన గుడ్డు పచ్చసొన, 55. కూరలోంచి తీసి కడిగి పెట్టిన చికెన్ 50 గ్రాములు, 90. రాత్రి నెయ్యి రాసిన చపాతీ సగం, 60. మొత్తం 470 కేలరీలు. గిన్నెలో పోసిన డ్రై ఫుడ్ మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు దానికి ఎంత కావాలో చూద్దాం. కుక్క విశ్రాంతిగా ఉన్నా ఖర్చయ్యే శక్తికి ఒక సూత్రం ఉంది: బరువు కిలోల్లో తీసుకుని, దాన్ని 0.75 ఘాతానికి (పవర్) పెంచి, 70తో గుణించాలి. ఫోనులో సైంటిఫిక్ కాలిక్యులేటర్‌తో నిమిషం పని. ఆపరేషన్ అయిన, ఇంట్లోనే ఉండే పెద్ద కుక్కకి ఆ వచ్చినదాన్ని 1.4 నుంచి 1.6తో గుణిస్తారు. జిమ్మీ బరువు 8.4 కిలోలు. కానీ పక్కటెముకలు తడిమితే అరచేతిని తడిమినట్టే మెత్తగా ఉంది. చెయ్యి చాపి వేళ్ళ వెనక ఎముకల్ని తడిమినట్టుంటే సరైన ఒళ్ళు, పిడికిలి బిగించి కణుపుల్ని తడిమినట్టుంటే బక్కది, అరచేయిలా ఉంటే కొవ్వు పట్టినది. స్పిట్జ్‌కి బొచ్చు ఎక్కువ కాబట్టి కంటితో చూసి చెప్పలేం, చేత్తో తడమాల్సిందే. ఉండాల్సిన బరువు 7.8 కిలోలని డాక్టరు చెప్పారు. ఆ లెక్కన 327 ఇంటూ 1.4, సుమారు 457 కేలరీలు. ఏమీ తినని కుక్క రోజూ తన కోటా పూర్తిచేసి ఇంకొంచెం ఎక్కువే తింటోంది. పక్కింటివాళ్ళు గేటులోంచి పెట్టేది ఇందులో లేదు.

ఈ ఒక్క లెక్క చూశాక ఇంట్లో వాదనలు ఆగిపోయాయి. నా మట్టుకు, పేచీ కుక్కల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. నాలుగు రోజులు తూచకుండా ఏ చిట్కా మొదలుపెట్టినా గాలిలో దీపమే.

బరువు చూడటానికి వేరే యంత్రం అక్కర్లేదు. మనుషుల త్రాసు మీద కుక్కని ఎత్తుకుని నిలబడి, దించేసి మళ్ళీ నిలబడి, తేడా చూడటమే. ఎప్పుడూ అదే త్రాసు, పొద్దున్నే తిండికి ముందు, బయటికి తీసుకెళ్ళి వచ్చాక. 100, 200 గ్రాముల తేడా త్రాసుదే అనుకోవాలి. మూడుసార్లు తూచి సగటు తీసుకోండి.

ఆ నాలుగు రోజుల తర్వాత అసలు పని. ఇక మీదట రోజుల లెక్క ఇక్కడినుంచే. రోజుకి 450 కేలరీలు పెట్టుకున్నాం. అందులో చిరుతిండి పదోవంతు మించకూడదు, అంటే 45. మిగతా 405 గిన్నెలోంచే రావాలి. పేకెట్టు వెనక 100 గ్రాములకి 360 కేలరీలని ఉంది. 405కి 112 గ్రాములు. పూటకి 55 గ్రాముల చొప్పున రెండు పూటలు. కప్పుతో కొలవకండి. గింజ సైజుని బట్టి ఒకే కప్పు పది, పదిహేను గ్రాములు తేడా వస్తుంది, చిన్న కుక్కకి అది పెద్ద తేడా. పొద్దున్నే రెండు చిన్న డబ్బాల్లో రోజు మొత్తానికి తూచి పెట్టేస్తే తర్వాత గందరగోళం ఉండదు.

పద్ధతి చిన్నదే, పాటించడమే కష్టం. ఉదయం 7కి, రాత్రి 7:30కి గిన్నె పెట్టాలి. 15 నిమిషాలు. ఆ కాసేపూ ఎవరూ దాని దగ్గర కూర్చోకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, చేత్తో పెట్టకూడదు. 15 నిమిషాలయ్యాక తిన్నా తినకపోయినా గిన్నె తీసెయ్యాలి, మిగిలింది తూచి రాయాలి. తర్వాతి పూట దాకా ఏమీ లేదు, నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి. తిండికి ముందు 20 నిమిషాలు నడిపించాం. ఒగర్పు తగ్గాక గిన్నె పెట్టాం.

గిన్నె విషయం విడిగా చెప్పాలి. మాది అంచులు ఎత్తుగా ఉన్న స్టీలు గిన్నె. టైల్స్ మీద జారేది, మెడలోని బిళ్ళ దానికి తగిలి టంగుమనేది. ప్రతి శబ్దానికీ తల ఎత్తేది. రబ్బరు మ్యాట్ వేసి, లోతు తక్కువ పింగాణీ పళ్ళెం పెట్టి, తినేటప్పుడు కాలర్ తీసేశాం. చోటు కూడా వాషింగ్ మెషీన్ పక్కనుంచి హాలు మూలకి మార్చాం. వీపు గోడవైపు, మొహం మనవైపు ఉండేలా పెడితే బెరుకు కుక్కలు నిశ్చింతగా తింటాయి.

మొదటి రోజు పొద్దున్న సున్నా, రాత్రి 15 గ్రాములు. రెండో రోజు పొద్దున్న 8, రాత్రి 40. మూడో రోజు తెల్లవారుజామున అయిదున్నరకి పసుపు నురగ కక్కింది. ఇది చూసి చాలామంది భయపడి ఇక్కడే ఆపేస్తారు. కడుపు చాలాసేపు ఖాళీగా ఉంటే పైత్యరసం పైకి ఎగదన్ని ఇలా వస్తుంది. ఒక్కసారి కక్కి, తర్వాత హుషారుగా ఉంటే, రోజు కోటాలోంచే 10 గ్రాములు తీసి రాత్రి పదిన్నరకి పెట్టాలి. అలా చేశాక మళ్ళీ రాలేదు. రెండుసార్లకి మించి కక్కినా, నీళ్ళు కూడా నిలవకపోయినా, నీరసంగా పడుకున్నా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నాలుగో రోజు పొద్దున్న 30, రాత్రి మొత్తం. ఆరో రోజు పొద్దున్న సున్నా! కారణం వెతికితే, కిందటి సాయంత్రం పక్కింటి పిల్లలు జంతికలు పెట్టారని తెలిసింది. ఆ ఒక్కసారికి రెండు రోజులు వెనక్కి పోయాం. అప్పటినుంచి ఆ పిల్లల చేతికే జిమ్మీ గింజలు పది ఇచ్చి, "ఇవే పెట్టండమ్మా" అన్నాం. పెట్టొద్దనడం కంటే ఇది బాగా పనిచేసింది. అత్తయ్యకీ అంతే. ఆమె చేతికి బిస్కెట్లకి బదులు కోటాలోంచి 10 గ్రాముల గింజలున్న చిన్న సీసా ఇచ్చాం. కుక్కకి కావాల్సింది చాలావరకు ఆ చెయ్యే, బిస్కెట్టు కాదు. తొమ్మిదో రోజుకి రెండు పూటలా 55 గ్రాములూ పూర్తిచేసింది.

ఈ పద్ధతి అన్ని కుక్కలకీ కాదు. ఆరు నెలల లోపు పిల్లలకి, రెండు మూడు కిలోల బుల్లి జాతులకి తిండి తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చేవాటికి, ఇన్సులిన్ మీద ఉన్నవాటికి, ముసలివాటికి కూడా గిన్నె తీసెయ్యడం పనికిరాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క అయినా 24 గంటలు పూర్తిగా ముట్టకపోతే, రెండు రోజుల్లో కలిపి సగం కూడా తినకపోతే, పట్టుదలకి పోకుండా డాక్టరుకి చూపించండి. జిమ్మీ రెండు రోజుల మొత్తం 63 గ్రాములే. రెండు రోజుల కోటా 220 కాబట్టి అది సగం కన్నా చాలా తక్కువ. అందుకే రెండో రోజు రాత్రే ఫోన్ చేసి డాక్టరుని అడిగి, రక్తపరీక్ష బాగుంది, ఆట తగ్గలేదు, ఆరోజు రాత్రి 40 తింది అని చెప్పాక, ఇంకో రోజు చూడమంటేనే ముందుకు వెళ్ళాం.

రుచి పెంచే పైపూత గురించి. అది తప్పేమీ కాదు, వాడే తీరు తెలియాలి. కుక్కకి నాలుక మీద రుచి మొగ్గలు మనకంటే చాలా తక్కువ. తిండిని ముక్కుతో ఎంచుకుంటుంది. అందుకే కొత్త రుచి కంటే వేడి ఎక్కువ పనిచేస్తుంది. మణికట్టు మీద వేసుకుంటే గోరువెచ్చగా తగిలే చికెన్ చారు 30 మి.లీ. పోసి రెండు నిమిషాలు ఆగితే వాసన లేస్తుంది. చారుకి పావుకిలో కోడి మెడలు, వీపు ముక్కలు, లీటరు నీళ్ళు, కుక్కర్‌లో అయిదు విజిల్స్. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏదీ వద్దు. వడకట్టి ఎముకలన్నీ పారెయ్యాలి, ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగులో గుచ్చుకుంటుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పైన కొవ్వు తెట్టు కడుతుంది, దాన్ని తీసెయ్యాలి. కొవ్వు ఎక్కువైతే క్లోమానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది, లావుగా ఉన్న చిన్న కుక్కలకి మరీనూ. మిగిలింది ఐసు ట్రేలో పోసి గడ్డకట్టిస్తే నెలరోజులు నిలవ ఉంటుంది.

చికెన్ ముక్కలు పైన చల్లితే ముక్కలే తిని గింజలు వదిలేస్తుంది. కాబట్టి ఉడికించిన కార్జం 10 గ్రాములు చారుతోపాటు మిక్సీ పట్టి, ప్రతి గింజకీ అంటేలా చేత్తో కలపాలి. కార్జం రోజుకి 10 గ్రాములు మించొద్దు, విటమిన్ ఏ ఎక్కువైపోతుంది. మేము పది నుంచి పన్నెండో రోజు దాకా 10 గ్రాములు, తర్వాత మూడు రోజులు 5, ఆ తర్వాత ఉత్త చారు, పద్దెనిమిదో రోజు నుంచి గోరువెచ్చటి నీళ్ళు. ఒక్కసారిగా ఆపితే పేచీ మళ్ళీ మొదలవుతుంది. చారు కలిపిన తిండి అరగంటకి మించి బయట ఉంచకండి, మన ఎండకి పులిసిపోతుంది.

డ్రై ఫుడ్ వద్దు, ఇంటి తిండే పెడతాం అనుకునేవాళ్ళకి ఒక మాట. పెరుగన్నం ఒక్కటే కుక్కకి చాలదు. సగం అన్నం, సగం పెరుగు కలిపి 450 కేలరీలు రావాలంటే 470 గ్రాముల పైన పెట్టాలి. అంత తిన్నా ప్రొటీన్ 15 గ్రాముల దగ్గరే ఆగుతుంది, ఈ సైజు కుక్కకి 20 గ్రాములైనా ఉండాలి. మేము వారానికి ఒక రోజు ఇంటి తిండి పెడతాం: ఎముకలేని చికెన్ 130 గ్రాములు పచ్చి తూకం, మెత్తగా ఉడికిన అన్నం 130 గ్రాములు, గుడ్డు సగం, కార్జం 10 గ్రాములు, తీపి గుమ్మడికాయ 40 గ్రాములు, సన్‌ఫ్లవర్ నూనె ఒక చిన్న చెంచా. చికెన్ ఖీమా కొట్టించి అన్నం వేడిగా ఉండగానే కలిపేస్తే ఏరుకునే వీలుండదు. మాంసంలో కాల్షియం చాలా తక్కువ కాబట్టి, కడిగి ఎండబెట్టి పెనం మీద వేడిచేసిన గుడ్డు పెంకుని మెత్తటి పొడి చేసి పావు టీస్పూను కలపాలి. రోజూ ఇదే పెట్టాలంటే జింకు, అయోడిన్, విటమిన్ డి, ఇ లోపిస్తాయి. డాక్టరు రాసిన సప్లిమెంట్ లేకుండా నెలల తరబడి ఇలా నడపకండి. పెద్ద జాతుల పిల్లలకి కాల్షియం సొంతంగా అసలే వెయ్యొద్దు, ఎక్కువైనా ఎముకలు వంకరపోతాయి.

మన వంటిల్లే ప్రమాదం. కడిగేశాం కదా అని కూరలో ముక్క పెడుతున్నాం, కానీ ఉల్లి, వెల్లుల్లి రసం ముక్కలోకి ఇంకి ఉంటుంది. అది కుక్క ఎర్రకణాల్ని పగలగొడుతుంది, రోజూ కొంచెం కొంచెం పెట్టినా పోగుపడుతుంది. పులిహోర, పాయసంలో కిస్‌మిస్, ద్రాక్ష కిడ్నీల మీద పడతాయి. చాక్లెట్ కూడా, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కూడా అంతే ప్రమాదం. ఎండు చేపల్ని వాసనకి కుక్కలు భలే తింటాయి గానీ ఉప్పు చాలా ఎక్కువ.

గింజలు పాడైనా కుక్క తినదు, అది పేచీ కాదు. షాపులో పెద్ద బస్తా విప్పి కిలోల లెక్కన విడిగా అమ్మే ఫుడ్డు ఎన్నాళ్ళ క్రితం విప్పిందో తెలియదు, అందులో కొవ్వు గాలి తగిలి కంపు కొడుతుంది. మన ముక్కుకి తెలియకముందే దాని ముక్కుకి తెలుస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో అయిపోయే పేకెట్టే కొనండి. దాన్ని డబ్బాలో ఒంపకుండా, పేకెట్టుతో సహా గట్టి మూత డబ్బాలో పెట్టండి. ఒంపితే డబ్బా గోడలకి అంటిన పాత నూనె కొత్త గింజల్ని కూడా పాడుచేస్తుంది. విజయవాడ తేమకి ఇది మరీ ముఖ్యం. మే నెలలో ఈ పద్ధతి మొదలుపెట్టకండి. ఎండకి చాలా కుక్కలు తిండి తగ్గిస్తాయి, అప్పుడు పొద్దున్న 6కి, రాత్రి 8:30కి పెడితే కొంత మేలు. టీకా వేయించాక ఒకటి రెండు రోజులు తక్కువ తినడం కూడా మామూలే.

ఇరవై ఒకటో రోజు బరువు 8.1 కిలోలు. మూడు వారాల్లో 300 గ్రాములు తగ్గింది. వారానికి ఒకటి, రెండు శాతం తగ్గడం సురక్షితం, ఇది ఆ లోపే ఉంది. ఇంకో నెల ఇదే కోటా, 7.8కి వచ్చాక 5 గ్రాములు పెంచి చూస్తాం. పండక్కి ఊరెళ్ళేటప్పుడు 55 గ్రాముల చొప్పున జిప్ కవర్లలో కట్టి, ఉండే రోజులకి రెండు రోజులవి ఎక్కువ కలిపి, తన మ్యాట్, పళ్ళెం కూడా సంచిలో పెడుతున్నాం. అక్కడ చేరగానే పిల్లలందరికీ ముందే చెరో పది గింజలు చేతికిస్తాం.